మాంసాశి మృగములు: వంశము, వాసము



నేను బడిపంతులుగా నున్న కాలమున ఒకనాడు ఎనిమిదవ తరగతి పిల్లలకు జంతువులను గూర్చి పాఠము చెప్పుచుంటిని. మాంసము తినునవి మాంసాహారులు, గడ్డియాకులు తినునవి శాకాహారులు అని చెప్పి, పులి, చిరుత, తోడేలు, నక్క, దుమ్ములగొండి, ఎలుగుబంటి అని నల్లబల్లమీద వరుసగా వ్రాసితిని. వెనుక వరుసనుండి ఒక మేకల కాపరి మనుమడు లేచి, "అయ్యా, ఎలుగుబంటి ఇప్పపూలు, రేగుపండ్లు, తేనె, చెదలు తినును. మా తాత ఎన్నియోమారులు చూచినాడు. అది ఈ పట్టికలో ఎట్లు చేరినది?" అని యడిగెను. పుస్తకములో నున్నది గనుక చేరినదని గద్దించి వానిని కూర్చుండబెట్టితిని.

వాని ప్రశ్న సరియైనది. నా జవాబు సరియైనది కాదు. ఉద్యోగము విరమించిన పిదప తీరికగా చదువుకొని, ఆ ప్రశ్నకు జవాబు తెలిసికొంటిని. ఆ జవాబులోనే మన యూరి బీడు భూములకు సంబంధించిన విషయమొకటి దాగియున్నది. దానిని మీ యెదుట మనవి చేయుటకే నేటి ప్రసంగము.

దేనినైనను తెగలుగా విభజింపవలెనన్న ముందుగా ఒక ఆధారము కావలెను. జంతువుల విషయమున మూడు ప్రశ్నలు వేయవచ్చును. అది ఏమి తినును? ఎచట నుండును? ఏ వంశమున బుట్టినది? ఒక్కొక్క ప్రశ్న ననుసరించి ఒక్కొక్క విభాగ మేర్పడును. పూర్వులు ఈ మూడు దారులును త్రొక్కిరి.

మన ప్రాచీన వైద్య గ్రంథములలో మొదటి రెండు దారులును కనబడును. చరక సంహితలో ప్రసహములని ఒక వర్గము కలదు. ఆహారమును బలముగా లాగికొని తినునవి ప్రసహములు. సింహము, పులి, చిరుత, తోడేలు, ఎలుగుబంటి ఆ వర్గములోనివే. అయితే ఆవు, గాడిద, ఒంటె, గుఱ్ఱముకూడ అందులోనే యున్నవి, డేగయు నున్నది. ఆవును పులిని ఒక్క పందిటి క్రింద కట్టినాడేమి అని నవ్వరాదు. ఆ మహర్షి చూచినది తినెడి తీరును. గడ్డిని నాలుకతో చుట్టి తెంపుకొను ఆవును, మాంసమును చీల్చుకొను పులియు ఆ తీరున నొక్కటే.

సుశ్రుత సంహితలో దారి వేఱు. అందు ప్రధానముగా చూచినది నివాసమును. గుహలలో నుండునవి గుహాశయములు. బొరియలలో నుండునవి బిలేశయములు. చెట్లమీద నుండునవి పర్ణమృగములు. గుహాశయముల పట్టికలో సింహము, పులి, తోడేలు, దుమ్ములగొండి, ఎలుగుబంటి, చిరుత, పిల్లి, నక్క ఉన్నవి. నేటి శాస్త్రజ్ఞులు మాంసాశి గణమని పిలుచుదానిలో ముఖ్యమైన వన్నియు ఇంచుమించుగా ఇందే చేరినవి. కాని బిలేశయములలో ముంగిసయు, పామును, ఎలుకయు ఒక్కచోట జేరినవి. బద్ధశత్రువు లొక వర్గమువారైరి. ఇల్లునుబట్టి లెక్క వ్రాసినప్పుడు ఇట్లే యగును. ఈ విభాగములు మాంసముయొక్క గుణదోషములను వైద్యునికి తెలుపుటకు చేసినవి. ఆ పనికి అవి చాలియుండెను.

మూడవ దారి, అనగా దేహపు కట్టును పోల్చిచూచు దారి, ఐరోపాలో సాగినది. స్వీడను దేశపు లిన్నేయసు 1758లో తన గ్రంథము పదవ కూర్పున కుక్కలను, పిల్లులను, పునుగు జాతులను, నీరుకుక్క మొదలగు వానిని, ఎలుగులను, సముద్రములో నుండు సీలులను ఒక గణముగా జేర్చెను. సీలునకు కాళ్లు తెడ్లవలె నుండును. అది చేపవలె ఈదును. అయినను అది ఎలుగునకు, కుక్కకు బంధువని ఆయన కనిపెట్టుట గొప్ప విషయము. కాని దుమ్ములగొండిని మాత్రము కుక్కలలో జేర్చెను. చూపునకు అది కుక్కవలెనే యుండును గదా.

మన ఎలుగుబంటి విషయమున ఇంతకన్న వింతయైన పొరపాటు జరిగినది. 1791లో జార్జి షా అను ఆంగ్ల పండితుడు దానిని ఎలుగే కాదనుకొని, దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడుచు మెల్లగా కదలెడి స్లాత్ అను జంతువుల తెగలో వ్రాసెను. పొడవైన గోళ్లును, పైదవడలో ముందు పండ్లు రెండు లేకుండుటయు ఆయనను భ్రమపెట్టినవి. ఆ రెండు పండ్ల సందు దానికి ఎంతయో యుపయోగము. చెదపుట్టను గోళ్లతో త్రవ్వి, పెదవులు ముందునకు చాచి, ఆ సందుగుండ చెదలను పీల్చుకొనును. పొరపాటు తరువాత దిద్దబడినది గాని, ఇంగ్లీషులో దాని పేరున స్లాత్ అను మాట నేటికిని నిలిచియున్నది. ఒకసారి తప్పుగా పెట్టిన పేరు మాపుట ఎంత కష్టమో చూడుడు.

మాంసాశి గణమునకు నేడు వ్యవహారములో నున్న కార్నివోరా అను నామమును 1821లో బౌడిచ్ అను నతడు పెట్టెను. ఈ గణమున కంతటికి గుర్తు తిండిలో లేదు, దంతములలో నున్నది. పైదవడ దంత మొకటి, క్రింది దవడ దంత మొకటి, ఒకదాని ప్రక్కగా నొకటి జారుచు అడకత్తెరవలె పనిచేయును. పిల్లి ఎముకను కొరుకునప్పుడు మూతి ప్రక్కకు త్రిప్పి నమలుట మీరు చూచియే యుందురు. ఆ కత్తెర అక్కడ నున్నది. ఈ కత్తెర పండ్లు గల పూర్వజంతువులనుండి వచ్చిన సంతతి యంతయు ఈ గణము. ఎలుగుబంటిలో ఆ కత్తెర అరిగి నూరుడు రాయివలె మారినది. అయినను అది ఆ తాతల మనుమడే. చీనా దేశమున ముఖ్యముగా వెదుళ్లు తిని బ్రతుకు పాండాయు ఆ వంశములోనిదే. మాంసము తినుట చేతనే ఈ గణములో జేర్చుదమన్నచో మనలో చాలమందిని జేర్చవలసి వచ్చును!

ఇక దుమ్ములగొండి తగవు. 1869లో విలియం ఫ్లవర్ అను శారీర శాస్త్రజ్ఞుడు ఈ జంతువుల పుఱ్ఱెలను తలక్రిందులుగా బెట్టి, వాని అడుగుభాగమును పరీక్షించెను. చెవి క్రింద నుండు ఎముక బుడిపె పిల్లిలో అడ్డుగోడతో రెండు గదులుగా నుండును. కుక్కలో, ఎలుగులో అట్టి పూర్తి గోడ యుండదు. ఇట్టి గుర్తులనన్నింటిని కూర్చి చూడగా దుమ్ములగొండి పిల్లి పక్షమునకు జేరినది. ఇప్పటి శాస్త్రజ్ఞులు రక్తమాంసములలోని జన్యువులను పరీక్షించియు అదియే నిశ్చయించినారు. దుమ్ములగొండికి దగ్గరి చుట్టము కుక్క కాదు, మన పెరటిలోని ముంగిస.

కావున ఈ గణము రెండు శాఖలు. పిల్లి శాఖలో సింహము, పెద్దపులి, చిరుత, చీతా, అడవిపిల్లి, పునుగుపిల్లి, మానుపిల్లి, ముంగిస, దుమ్ములగొండి. కుక్క శాఖలో తోడేలు, నక్క, గుంటనక్క, రేచుకుక్క, ఎలుగుబంటి, నీరుకుక్క, సీలు. ప్రపంచమున ఈ గణము మొత్తము 280కి పైబడిన జాతులు. మన తోడేలును, రేచుకుక్కను దక్కను దేశమునుండి 1831లోనే సైక్స్ అను సైనికోద్యోగి వర్ణించి వ్రాసెను. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ 1867లో ప్రకటించిన హిందూదేశ జంతువుల గ్రంథములో మన తెలుగు పేర్లనుకూడ ఎక్కించెను.

ఇంతవరకు వంశము. మన తాతలు చూచిన వాసమునకు ఇక విలువ లేదా యని మీ రడుగవచ్చును. ఉన్నది. వంశము జంతువు ఎచటనుండి వచ్చినదో చెప్పును. అది రేపు బ్రతుకునో లేదో వాసము చెప్పును. వంశమును ఎవ్వరును దోచుకొనలేరు, ఇంటిని దోచుకొనవచ్చును.

మన తెలుగునాట వాని యిండ్లను చూతము. పెద్దపులికిని రేచుకుక్కకును దట్టమైన అడవి కావలెను. నల్లమలలోను, కవ్వాలు అడవిలోను పులులున్నవి. చిరుతకును ఎలుగుబంటికిని కొండరాళ్లు, గుహలు, పొదలు చాలును. సుశ్రుతుడు చెప్పిన గుహాశయ నామము ఎలుగునకు నేటికిని తగియున్నది. గోదావరి సముద్రమున గలియుచోట, కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులలో చేపలుపట్టు బావురుపిల్లియు, నీరుకుక్కయు నుండును. మానుపిల్లి మన తోపులలోను, ఇండ్ల అటకలలోను కాపురము చేయును. ఇక తోడేలు, నక్క, గుంటనక్క, దుమ్ములగొండి వీనియిల్లు ఏది? గడ్డి మేటలు, తుప్పలు, రాతిగుట్టలు గల బయలు నేల. అనగా మనము బీడనియు, బంజరనియు పిలుచు నేల.

ఈ బయలు నేలలో పూర్వము మఱియొక మృగ ముండెను. దానిపేరు చీతా. ఇది చిరుతపులి కాదు. చిరుత ఒంటిమీద గుల్ల గుల్లగా నుండు మచ్చలుండును. చీతా మచ్చలు నిండు చుక్కలు. చీతా కంటి కొననుండి మూతివరకు కాటుక కారినట్లు నల్లని గీత యుండును. చిరుత పొంచి దూకును. చీతా వెంటబడి పరుగెత్తి పట్టును. చిరుతకు మాటు కావలెను. చీతాకు మైదానము కావలెను. కాని దొరలు పూర్వము మన దేశమున చిరుతనుగూడ చీతా యనియే పిలుచుచుండిరి. సివంగి అను మాటను మనవారు ఒక్కొక్క తావున ఒక్కొక్క మృగమునకు వాడుచున్నారు. పేరు కలిసిపోయినందున ఒకటి మాయమగుచున్నను రెండవది కనబడుచుండుటచే జనులు పోల్చుకొనలేకపోయిరి.

చీతా పూర్వము పంజాబునుండి తిరునల్వేలివరకు నుండెడిది. రాజులు దానిని పట్టి మచ్చికచేసి, కన్నులకు గంతలు కట్టి బండిమీద తీసికొనిపోయి, కృష్ణజింకలమీదికి విడుచుచుండిరి. అక్బరు పాదుషావద్ద ఒకప్పుడు 1,000 చీతాలుండెనని ఆయన కుమారుడు జహంగీరు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. అన్ని యున్నను బంధనములో అవి పిల్లలు పెట్టుట లేదనియు, పట్టు వదలించుకొనిన మగదానివలన ఒక ఆడుచీతా మూడు పిల్లలను పెట్టుట వింతయనియు అతడు తెలిపెను. దీనివలన నొక సంగతి తెలియుచున్నది. రాజుల కొట్టములలో నున్న ప్రతి చీతాయు అడవినుండి పట్టితెచ్చినదే. పట్టిన దానికి బదులు పుట్టినది లేదు.

ఆంగ్లేయుల కాలమున క్రూరమృగములను చంపినవారికి ప్రభుత్వము బహుమానము లిచ్చెను. 1875 మొదలు 1925వరకు ఏబది యేండ్లలో 80,000 పులులును, 1,50,000కు మించిన చిరుతలును, 2,00,000 తోడేళ్లును చంపబడెనని చరిత్రకారులు లెక్కగట్టినారు. చీతాలకును బహుమానము లుండెను. నిజమునకు మన దేశమున చీతావలన మనుష్యుడు చనిపోయినట్లు వ్రాతలో దొరకినది ఒక్కటే యుదంతము. 1880లో విజయనగరము రాజుగారి పెంపుడు చీతా వేటలో విశాఖపట్టణపు గవర్నరు ఏజెంటును గాయపఱుపగా ఆయన మరణించెను. ఇరువదవ శతాబ్దము వచ్చునప్పటికి సంస్థానాధీశులు వేటకు కావలసిన చీతాలను ఆఫ్రికానుండి కొని తెప్పించుకొనవలసిన స్థితి వచ్చెను.

1947లో మధ్య భారతమున కొరియా సంస్థానాధీశుడు ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చెను. మన దేశపు చీతాలలో కడపటివి అవేయని చాలకాలము చెప్పుకొనిరి. 1951లో చిత్తూరు జిల్లాలో చీతా నొకదానిని చూచినట్లు ఒకరు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికకు వ్రాసిరి. 1952లో ప్రభుత్వము చీతా మన దేశమున అంతరించినదని ప్రకటించెను. అనగా తెలుగువారి బయళ్లలోనే దాని అడుగుజాడ చివరిగా కనబడినదేమో! దాని ప్రక్కన పశువులు మేపిన మన తాతలకు అది పోయినట్లు తెలియనైన లేదు.

పెద్దపులిని కూడ ఇట్లే చంపితిమి. అది ఎట్లు మిగిలినది? పులియిల్లు అడవి. అడవికి కంచె యుండెను, కావలివా డుండెను, చట్టముండెను. 1973లో పులుల రక్షణ పథకము ఆరంభమయ్యెను. 2006లో 1,411గా అంచనాకు వచ్చిన పులులు 2022 లెక్కలో 3,682 అయ్యెను. సింహముమాట: ఒకప్పుడు ఉత్తర హిందూస్థానమంతట నున్నది ఇప్పుడు గుజరాతులోని గిర్ అడవియందును, దాని చుట్టుపట్ల జిల్లాలయందును మాత్రమే యున్నది. 2025 లెక్కలో 891 సింహము లుండెను. సంఖ్య పెరిగినది, కాని అన్నియు నొక్క ప్రాంతముననే యుండుట ప్రమాదము. 2018లో అచట ఇరువదికి పైగా సింహములు కొలది వారములలో చనిపోయెను. వానిలో కొన్నిటియందు కుక్కలకు వచ్చు డిస్టెంపరు అను వ్యాధి కనబడెను. 1994లో ఆఫ్రికాలో సెరెంగెటి మైదానమున ఆ వ్యాధియే సుమారు 1,000 సింహములను పొట్టన బెట్టుకొనెను. ఊరకుక్కనుండి మృగరాజునకు వ్యాధి సోకుట చూడగా వంశబంధుత్వము వట్టి పుస్తకపుమాట కాదని తోచును.

చీతాకు అడవి లేదు, కంచె లేదు, కావలి లేదు. దాని యిల్లు బయలు నేల. ఆ నేలకు ఆంగ్లేయుల భూమి లెక్కలలో వచ్చిన పేరు వ్యర్థభూమి. మన కరణముల వ్రాతలలో దానిపేరు బంజరు, పోరంబోకు. పోరంబోకు అనగా లెక్కకు వెలుపల నున్నదని యర్థము. ఏ నేల శిస్తు ఈయదో అది పనికిరాని నేల యనిపించుకొనెను. పనికిరాని నేలను దున్నినను, త్రవ్వినను, చెట్లు పాతినను అడుగువారు లేరు. ఆ నేలపై బ్రతుకు కృష్ణజింక పోయెను. జింక వెంట చీతా పోయెను. స్వతంత్రము వచ్చిన పిదపను, 2000వ సంవత్సరమున మొదలిడి ప్రకటించిన వ్యర్థభూముల పటములలో గడ్డి బయళ్లు, తుప్ప నేలలు చేరియే యున్నవి. ఎలుగుబంటికి స్లాత్ అను తప్పుపేరు పెట్టినందున దానికి కీడు కలుగలేదు. గడ్డినేలకు వ్యర్థమను తప్పుపేరు పెట్టినందున మృగమొకటి దేశమునుండి తొలగిపోయెను.

2022 సెప్టెంబరు 17వ తేదీన నమీబియానుండి 8 చీతాలను తెచ్చి మధ్యప్రదేశములోని కూనో వనమున విడిచిరి. 2023 ఫిబ్రవరిలో దక్షిణ ఆఫ్రికానుండి మఱి 12 వచ్చెను. వానిలో కొన్ని చనిపోయినవి. కొన్నిటికి ఇచటనే పిల్లలు పుట్టినవి. అవి ఆఫ్రికా చీతాలు. మన చీతా ఆసియా శాఖకు చెందినది. పోగొట్టుకొనినదానిని తిరిగి తెచ్చుటకు ఓడలు, విమానములు, ధనము, సంవత్సరములు కావలసి వచ్చుచున్నవి. ఉన్నదానిని నిలుపుకొనుటకు ఇవేవియు నక్కఱలేదు.

ఉన్నది ఏమనగా, తోడేలు, గుంటనక్క, దుమ్ములగొండి. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డిబయళ్లలో కృష్ణజింకలును తోడేళ్లును నేటికి నున్నవి. ఇట్టి బయళ్లు తక్కిన చోట్ల చాలవఱకు గ్రామపు నేలలే. ఆ నేలను ఏమి చేయవలెనో తీర్మానించు సభలో కూర్చుండువారు మీరు. అందుచేతనే ఈ మాటలు మీకు చెప్పుచున్నాను.

తోడేలు గొఱ్ఱెను ఎత్తుకొనిపోవునని మీ రందురు. నిజము. మందకాపరి నష్టమును తేలికచేసి మాటలాడుట నాకు తగదు. వాని గొఱ్ఱె వాని ధనము. కాని జింకలు లేని బయలులో తోడేలునకు గొఱ్ఱె తప్ప మఱి యేమి మిగిలినది? రాత్రి దొడ్డికి ముండ్లకంచె, మంచి కుక్క, మెలకువగల కాపరి, ఇవి మన తాతలెఱిగిన ఉపాయములు. చచ్చిన గొఱ్ఱెలో విషము పెట్టుట మాత్రము ఉపాయము కాదు. ఆ విషమును తోడేలొక్కటే తినదు; దుమ్ములగొండి తినును, నక్క తినును, ఊరకుక్క తినును, రాబందు తినును. దుమ్ములగొండి ఊరి వెలుపలి కళేబరములను ఎముకలతో సహా మ్రింగి నేలను శుభ్రముచేయును. గుంటనక్క పొలములోని ఎలుకలను, మిడుతలను, చెదలను తినును. వీనికి మనము కూలి యిచ్చుట లేదు.

గుంటనక్క బొరియ గట్టుప్రక్కన నుండును. దుమ్ములగొండి గుహ రాతిగుట్టలో నుండును. గుట్టను కంకరకు పగులగొట్టుటకు ముందు, బీడును దున్నుటకు ముందు, అందు వరుసగా మొక్కలు నాటుటకు ముందైనను, అచట ఎవరు కాపుర మున్నారో చూచిరమ్మని ఒక మేకల కాపరిని పంపుడు. మన పూర్వులు జంతువులను నివాసమునుబట్టి పేరుపెట్టి పిలిచిరి. అది శాస్త్రమున సగమే యైనను, ఆ సగము మఱచినందువలననే చీతాను పోగొట్టుకొంటిమి.

నాడు నన్నడిగిన ఆ పిల్లవాడు ఇప్పుడు ఎచట నున్నాడో తెలియదు. ఎచటనుండియైన వినుచున్నచో వానికి నా జవాబు ఇది. నాయనా, ఎలుగుబంటి ఆ పట్టికలో చేరినది తిండినిబట్టి కాదు, వంశమునుబట్టి. నీ తాత చూచినది నిజము. నా పుస్తకములో నున్నదియు నిజము. రెంటిని కలిపి చెప్పుట నా పనియై యుండగా నేను చేయలేదు. నేడు చేసితిని.

సెలవు.